లైంగిక దాడి బాధితులకు డీఎల్‌ఎస్‌ఏ పరిహార సేవ: పథకం గట్టిది, అమలు సంగతి వేరు

ముద్దాయికి శిక్ష పడ్డాకే పరిహారం వస్తుందని నమ్మి ఏళ్ల తరబడి ఆగిపోయే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ మాట స్టేషన్‌లో ఎవరో ఒకరు అంటారు, ఊళ్లో పెద్దమనుషులు దాన్నే ఖాయం చేస్తారు. అసలు సంగతి వేరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ, కోర్టు ఆవరణలో అందరూ డీఎల్‌ఎస్‌ఏ అనేది, ఇచ్చే పరిహారానికి శిక్షతో ముడి లేదు. నిందితుడు ఎవరో తెలియకపోయినా, తెలిసి పారిపోయినా, చివరికి కేసు కొట్టేసినా దరఖాస్తుకు దారి మూసుకుపోదు. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ సేవ గురించే. డీఎల్‌ఎస్‌ఏ పరిధికి బయట ఉన్న సివిల్ దారులు ఎవరికి అక్కరకొస్తాయో కూడా చెబుతాం.

ముందు ఆఫీసు సంగతి. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. చాలాచోట్ల న్యాయ సేవా సదన్ అని బోర్డు కనిపిస్తుంది. జిల్లా కేంద్రం దూరమైతే దగ్గర్లోని కోర్టులో మండల న్యాయసేవాధికార కమిటీ ఉంటుంది, ఫోన్‌లో అడగాలంటే 15100. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి లేదు. కౌంటర్‌లో తెల్ల రేషన్ కార్డు ఉందా, ఆదాయ ధ్రువపత్రం తెచ్చారా అని అడిగితే అది అవసరం లేదని నిదానంగా చెప్పండి. సంస్థ కార్యదర్శి జడ్జి హోదా ఉన్న అధికారి. ఫ్రంట్ ఆఫీసులో పని ఆగితే నేరుగా ఆయన్నో ఆమెనో కలవొచ్చు, కలవాలి కూడా.

పరిహారానికి పునాది ఇప్పుడు కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షన్. 2024 జులై 1కి ముందు ఇదే సంగతి సీఆర్‌పీసీ 357ఏలో ఉండేది, పాత కేసుల కాగితాల్లో ఆ నంబరే కనిపిస్తుంది. మొత్తాలు తేల్చేది జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో తెచ్చిన మహిళా బాధితుల పరిహార పథకం. సుప్రీంకోర్టు ఆమోదంతో అది 2018 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. దాని షెడ్యూల్ ప్రకారం అత్యాచారానికి కనీసం 4 లక్షలు, గరిష్ఠం 7 లక్షలు. సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు. అత్యాచారం వల్ల గర్భం వస్తే 3 నుంచి 4 లక్షలు. దాడి వల్ల గర్భస్రావం జరిగినా, సంతాన సామర్థ్యం పోయినా 2 నుంచి 3 లక్షలు. తీవ్రమైన శారీరక గాయానికి గానీ, పునరావాసం అవసరమయ్యేంత మానసిక గాయానికి గానీ 1 నుంచి 2 లక్షలు.

ఎక్కువమంది నష్టపోయేది ఈ షెడ్యూల్ దగ్గరే. షెడ్యూల్‌లోని ఒక్క వరుసకే, అంటే ఒక్క రకం నష్టానికే దరఖాస్తు పెడతారు. పథకంలో మాత్రం ఒకటి కంటే ఎక్కువ వరుసల కిందకు వచ్చే బాధితురాలికి వాటన్నిటినీ కలిపి లెక్కించాలని ఉంది. అత్యాచారం, దానివల్ల గర్భం, దానివల్ల డిప్రెషన్‌కు చికిత్స: ఈ మూడూ రాస్తే లెక్క 8 నుంచి 13 లక్షల మధ్య నడుస్తుంది. అత్యాచారం ఒక్కటే రాస్తే 7 దగ్గర ఆగిపోతుంది. బాధితురాలు మైనర్ అయితే షెడ్యూల్ పరిమితులు ఇంకో 50 శాతం పెరుగుతాయి. మానసిక గాయం వరుసను చాలామంది లాయర్లే వదిలేస్తారు, ఎందుకంటే దానికి కాగితం కావాలి. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించుకున్న చీటీలు, మందుల చీటీలు, ఎన్నాళ్లు చికిత్స అవసరమో డాక్టరు రాసిన రెండు వాక్యాలు ఉంటే ఆ వరుస నిలుస్తుంది.

దరఖాస్తు పెద్ద పిటిషన్ కానక్కర్లేదు. పేరు, వయసు, చిరునామా, ఏ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, సెక్షన్లు, జరిగిన నష్టం వరుసలవారీగా, ఇప్పటిదాకా అయిన ఖర్చు, పోయిన కూలి లేదా జీతం, ఆగిన చదువు, బ్యాంకు వివరాలు. వెంట ఎఫ్‌ఐఆర్ కాపీ, ఉంటే మెడికల్ రిపోర్టు, తీర్పు వచ్చి ఉంటే దాని కాపీ. బాధితురాలే పెట్టాలని లేదు. ఆమె మీద ఆధారపడినవాళ్లు పెట్టొచ్చు, స్టేషన్ హౌస్ ఆఫీసరూ పెట్టొచ్చు. అంతకంటే ముఖ్యం, ఇలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ నమోదు కాగానే కాపీని డీఎల్‌ఎస్‌ఏకు పంపాల్సిన బాధ్యత పోలీసులదే. ఆ కాపీ చేరిందా అని కౌంటర్‌లో అడిగితే తరచుగా ‘రాలేదమ్మా’ అనే జవాబే వస్తుంది. అప్పుడు మీ దగ్గరున్నది ఇచ్చేయండి. స్టేషన్ నుంచి వచ్చేదాకా ఆగమంటే ఆగొద్దు, తెప్పించుకోవడం వాళ్ల పని.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండోదాని మీద సీలు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. విచారణ పూర్తిచేసి పరిహారం తేల్చడానికి చట్టం ఇచ్చిన గడువు రెండు నెలలు. ఇన్‌వార్డ్ నంబరు లేకపోతే ఆ రెండు నెలలు ఏ రోజు మొదలయ్యాయో చెప్పడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఇంకో మాట: కవరు మూసి ఇవ్వండి. బాధితురాలి పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరమైనా, కౌంటర్ దగ్గర నలుగురి మధ్య పేరు గట్టిగా పిలిచే అలవాటు ఇంకా పోలేదు. ఆర్డరులో పేరు లేకుండా చూడమని దరఖాస్తులోనే ఒక వాక్యం రాయండి.

మధ్యంతర పరిహారం ఈ సేవలో అన్నిటికన్నా మెరుగైన భాగం. జనం అన్నిటికన్నా తక్కువ వాడుకునేదీ అదే. దరఖాస్తు అందగానే 5 వేలు, అవసరాన్ని బట్టి 10 వేల దాకా, వెంటనే చేతికివ్వాలి. ఆ తర్వాత ఇచ్చే మధ్యంతర సహాయం షెడ్యూల్‌లోని గరిష్ఠ మొత్తంలో 25 శాతానికి తగ్గకూడదు. అంటే అత్యాచారం కేసులో 1 లక్షా 75 వేలు, సామూహిక అత్యాచారంలో రెండున్నర లక్షలు. ఈ డబ్బును ఎఫ్‌డీలో పెట్టరు, మొత్తం చేతికే వస్తుంది. ఆసుపత్రి ప్రయాణాలు, ఇల్లు మారడం, కూలి పోవడం అన్నీ మొదటి నెలల్లోనే మీద పడతాయి కాబట్టి తుది పరిహారం కన్నా దీని విలువే ఎక్కువ. దరఖాస్తు శీర్షికలోనే ‘మధ్యంతర, తుది పరిహారం కోసం’ అని రాయాలి. ‘పరిహారం కోసం’ అని మాత్రమే రాస్తే మధ్యంతరం ఊసే లేకుండా ఫైలు తుది విచారణకు పోయే అవకాశం ఉంది.

తుది మొత్తం వచ్చే తీరు వేరు. 25 శాతం ఖాతాలో వాడుకోవడానికి ఉంటుంది, 75 శాతం కనీసం మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు. మైనర్ అయితే 80 శాతం డిపాజిట్‌లో, 18 నిండేదాకా, అదీ కనీసం మూడేళ్లు. వడ్డీ నెలనెలా సేవింగ్స్ ఖాతాలో పడాలి. చదువుకో వైద్యానికో అత్యవసరమైతే డిపాజిట్‌ను ముందే విడిపించమని అడగొచ్చు: కాలేజీ ఫీజు చలానా గానీ ఆసుపత్రి ఎస్టిమేట్ గానీ జతచేసిన ఒక పేజీ లేఖ చాలు. మూడేళ్ల తాళం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. డబ్బు పుట్టింటి అప్పులకో అత్తింటి చేతుల్లోకో పోకుండా ఆపుతుంది, నిజమే. చిన్న వ్యాపారం పెట్టుకుని నిలబడదామనుకున్న పాతికేళ్ల అమ్మాయికి మాత్రం అది సంకెల.

బ్యాంకు దగ్గర జరిగే తప్పులు చిన్నవే, ఆపే కాలం మాత్రం పెద్దది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌బుక్‌లో వెనక ఉంటుంది. లేదా పెళ్లయ్యాక ఒకదాంట్లో ఇంటిపేరు మారి, రెండోదాంట్లో పాతదే ఉంటుంది. ఖాతా రెండేళ్లుగా వాడక మూతపడి ఉంటుంది. అలాంటప్పుడు జమ వెనక్కిపోతుంది, మళ్లీ ప్రొసీడింగ్స్ వేయాలి. భర్తతో, తండ్రితో ఉన్న జాయింట్ ఖాతా ఇవ్వకండి. నిందితుడు ఇంటివాడే అయిన కేసుల్లో ఇది మరీ ముఖ్యం. జాతీయ బ్యాంకులో ఒక్కరి పేరుతో ఖాతా తెరిచి, ఒకసారి వంద రూపాయలు వేసి తీసి చూసి, ఆ పాస్‌బుక్ మొదటి పేజీ ఇవ్వండి.

రూపకల్పనకు ఐదుకి నాలుగున్నర ఇస్తాం, అమలుకు రెండున్నర దాటదు. కారణం ఎప్పుడూ ఒక గుమాస్తా నిర్లక్ష్యమే కాదు. డీఎల్‌ఎస్‌ఏ ఆర్డరు ఇవ్వగలదు, డబ్బు రావాల్సింది ప్రభుత్వం కేటాయించే బాధితుల పరిహార నిధి నుంచి. నిధి ఖాళీ అయితే ఆర్డరు ఫైల్లో ఉంటుంది, ఖాతాలో ఉండదు. ఆర్డరు వచ్చి రెండు మూడు నెలలైనా జమ కాకపోతే రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ మెంబర్ సెక్రటరీకి రాతపూర్వకంగా రాయండి. అదీ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. దానికి లాయర్‌ను హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉచితంగా ఇస్తుంది.

శిక్ష పడని కేసుల్లో ఏమవుతుందో చెప్పడానికి మన వాకపల్లి కన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద సామూహిక అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ నిందితులను విడుదల చేసింది. అదే తీర్పులో ఆ మహిళలకు డీఎల్‌ఎస్‌ఏ ద్వారా పరిహారం ఇవ్వాలంది. పదహారేళ్ల ఆలస్యాన్ని ఎవరూ సమర్థించలేరు. అయినా 396వ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం ఉన్నది సరిగ్గా ఇలాంటి స్థితి కోసమే. 2024 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, మహిళలు, మైనర్ల మీద లైంగిక దాడి కేసుల్లో సెషన్స్ కోర్టులు తీర్పుతోపాటే పరిహారం సంగతీ తేల్చాలంది. తీర్పు రోజున ప్రభుత్వ లాయర్ (పీపీ) గానీ మీ లాయర్ గానీ ఈ సంగతి ఎత్తారో లేదో చూసుకోండి. ఎత్తకపోతే మళ్లీ విడిగా దరఖాస్తు, మళ్లీ తిరుగుడు.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఫిర్యాదే అబద్ధమని ట్రయల్ కోర్టు తేల్చి రాస్తే ఇచ్చిన డబ్బు తిరిగి రాబట్టే వీలు పథకంలో ఉంది. సాక్ష్యం చాలక కొట్టేయడం వేరు, అబద్ధమని తేల్చడం వేరు. రాజీకి ఒప్పించి బాధితురాలి చేత ‘అలాంటిదేమీ జరగలేదు’ అని కోర్టులో చెప్పించేవాళ్లు ఈ సంగతి ఆమెకు చెప్పరు.

రాజీ మాట వచ్చింది కాబట్టి: లోక్ అదాలత్‌లు నడిపేది కూడా డీఎల్‌ఎస్‌ఏనే. దాంతో అదే ఆఫీసులో అత్యాచారం కేసూ ‘సెటిల్’ అవుతుందని కొందరు అనుకుంటారు, ఇంకొందరు కావాలనే అనిపిస్తారు. అత్యాచారం రాజీకి వీల్లేని నేరం, లోక్ అదాలత్ దాన్ని ముట్టుకోలేదు. ఇంకో విషయమూ బాధితులను కలవరపెడుతుంది. స్తోమత లేని నిందితుడికి లాయర్‌ను ఇచ్చేదీ ఈ సంస్థే. దానికి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే వేరే లాయర్ల బృందం ఉంటుంది. మీకు వచ్చేది ప్యానెల్ లాయర్. ఇద్దరూ ఒకే కారిడార్‌లో కనిపించినా పని వేరు. అయినా మీ కాగితాలు ఎవరి బల్ల మీద ఉన్నాయో ఓ కన్నేయడంలో తప్పులేదు.

ప్యానెల్ లాయర్ల నాణ్యత అదృష్టం మీద ఉంది, మొహమాటం లేకుండా చెప్పాలంటే. ప్రభుత్వం ఇచ్చే ఫీజు తక్కువ, అనుభవం ఉన్నవాళ్లకు సొంత కేసులు ఎక్కువ. మహిళా లాయర్ కావాలని మొదటి రోజే రాసి అడగండి. రెండు వాయిదాలకు రాకపోతే మార్చమని కార్యదర్శికి ఒక పేజీ లేఖ ఇవ్వండి. టైపింగ్ ఖర్చులని, సార్‌కి ఇవ్వాలని ఒక్క రూపాయి అడిగినా అది నిబంధనలకు విరుద్ధం. ఈ లాయర్ క్రిమినల్ కేసులో పీపీకి సహాయంగా కోర్టు అనుమతితో నిలబడొచ్చు, బెయిల్ విచారణలో మీ మాట వినిపించొచ్చు. పరిహారం దరఖాస్తుకే పరిమితం చేయకండి.

బాధితులు పిల్లలైతే దారి కొంచెం మారుతుంది. పోక్సో ప్రత్యేక కోర్టే పరిహారం ఆదేశిస్తుంది, 2020 నాటి నిబంధనల ప్రకారం ఆదేశం అందిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. అంతకుముందే తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకు బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేయొచ్చు, అది వారంలో అందాలి. కేసు నడిచినన్నాళ్లూ పిల్లలకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను కూడా ఆ కమిటీయే నియమిస్తుంది, అడగడం మరచిపోవద్దు. చికిత్స విషయంలో పెద్దలకైనా పిల్లలకైనా ఒకటే: ప్రైవేటు ఆసుపత్రి సహా ఎవరూ డబ్బు అడగకూడదు, ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనకూడదు. నిరాకరిస్తే ఏడాది దాకా జైలు.

బాధితురాలు ఎస్సీ, ఎస్టీ అయి, నిందితుడు ఆ వర్గాలకు చెందనివాడైతే కలెక్టరేట్ ద్వారా వచ్చే సహాయం వేరే ఉంది. అత్యాచారానికి 5 లక్షలు, సామూహిక అత్యాచారానికి 8 లక్షలా 25 వేలు. సగం వైద్య పరీక్ష నివేదిక మీద, పావు వంతు చార్జిషీట్ మీద, మిగతా పావు కింది కోర్టు విచారణ ముగిశాక. ఇక్కడ ఆగేది ఎక్కువగా ఎఫ్‌ఐఆర్‌లో అట్రాసిటీ సెక్షన్ వేయకపోవడం వల్లే. కుల ధ్రువపత్రం మొదటి రోజే స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకచోట తీసుకున్న మొత్తాన్ని రెండోచోట దాచకండి, లెక్కలోకి తీసుకునే అవకాశం ఉంది.

భర్త చేతిలో జరిగిన లైంగిక హింసకు డీఎల్‌ఎస్‌ఏ పరిహారం దాదాపు పనికిరాదు. 18 దాటిన భార్య మీద భర్త చేసే అత్యాచారాన్ని మన శిక్షా చట్టం ఇంకా నేరంగా చూడటం లేదు. అక్కడ నిలబడేది 2005 గృహ హింస చట్టం. లైంగిక హింసను అది పేరుపెట్టి చెప్పింది. మన కోర్టుల్లో డీవీసీ కేసు అంటారు. మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, భర్తను ఇంట్లోంచి బయటకు పొమ్మనొచ్చు, ఖర్చులతోపాటు 22వ సెక్షన్ కింద మానసిక వేదనకు పరిహారమూ ఆదేశించవచ్చు. పెళ్లి ఉండాల్సిన పనిలేదు, తండ్రి, మేనమామ, మరిది మీద కూడా అదే ఇంట్లో ఉన్న అమ్మాయి వేయొచ్చు. ఉత్తర్వు ఉల్లంఘిస్తే అప్పుడు అది నేరం, ఏడాది దాకా జైలు. 60 రోజుల్లో తేల్చాలన్న మాట మాత్రం చాలా కోర్టుల్లో కాగితానికే పరిమితం, అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు పిటిషన్ కూడా మొదటి రోజే వేయించాలి.

పనిచేసే చోట లైంగిక వేధింపు జరిగితే 2013 చట్టం కింద ఫిర్యాదు వెళ్లేది అక్కడి అంతర్గత కమిటీకి. పదిమంది లోపు ఉన్న చోట, ఇళ్లలో పనిచేసేవాళ్లకు జిల్లా స్థానిక కమిటీ. గడువు మూడు నెలలు, సరైన కారణం ఉంటే ఇంకో మూడు. ఫిర్యాదు ఆరు ప్రతులు. విచారణ 90 రోజులు. పరిహారాన్ని నిందితుడి జీతంలోంచే కోయించవచ్చు, ఈ దారిలో ఉన్న సుఖం ఇదే. కమిటీ సయోధ్యకు పిలిస్తే డబ్బు ప్రాతిపదికన సయోధ్య చట్టం ఒప్పుకోదని గుర్తుంచుకోండి.

చివరిది నష్టపరిహారం దావా. ఇక్కడ సందేహాతీత రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. కోర్టు ఫీజు భారం డీఎల్‌ఎస్‌ఏ మోయగలదు. చిన్నప్పుడు జరిగినదానికి కాలపరిమితి 18 నిండాకే మొదలవుతుంది, అయితే మూడేళ్లు దాటితే ఆ వెసులుబాటు పోతుంది. డిక్రీ గెలిచి వసూలు చేయలేకపోవడమే దీని జబ్బు. ముద్దాయికి ఆస్తి లేకపోతే ఈ దారి మేము సిఫారసు చేయం. ఆస్తి ఉండి అమ్మేసే సూచన కనిపిస్తే దావాతోపాటే తీర్పుకు ముందు జప్తు పిటిషన్ వేయించాలి. బాధ్యుల్లో ప్రభుత్వ సంస్థ ఉంటే దావా కన్నా రిట్ మేలు. హౌరా యాత్రీ నివాస్‌లో జరిగిన సామూహిక అత్యాచారంలో రైల్వే 10 లక్షలు చెల్లించాల్సిందేనని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది అలాంటి దారిలోనే.

గడువుల దగ్గరకొస్తే, డీఎల్‌ఎస్‌ఏ పరిహారానికి ఘటన జరిగిన లేదా విచారణ ముగిసిన నాటి నుంచి మూడేళ్లు. కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఇచ్చిన మొత్తం తక్కువనిపిస్తే డీఎల్‌ఎస్‌ఏ చైర్‌పర్సన్‌కు అప్పీలుకు 30 రోజులు. అప్పీలులో కొత్త కథ రాయకండి. ఏ వరుసను లెక్కలోకి తీసుకోలేదో, దాని కాగితం మొదటి దరఖాస్తులో ఏ పేజీలో ఉందో చూపించండి, ఇన్‌వార్డ్ సీలున్న ఆ రెండో ప్రతిని జతచేయండి.